మాటకు మాట: బియ్యం నిండుకున్నాయంటే ఏమిటి?

పోయిన నెల ఈ శీర్షికలో, ఇంట్లోంచి బయల్దేరేవాళ్ళు "వెళ్తాను" అనకుండా "వస్తాను" అని ఎందుకంటారన్న ప్రశ్నకు జవాబు రాస్తూ విట్‌గెన్‌స్టైన్ అనే తత్త్వవేత్త పేరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. గుణుపురం, రాయగడ, బరంపురం, పాతపట్నం, మా పర్లాకిమిడి నుంచి వచ్చిన ఐదింటికి ఈసారి చోటంతా ఇస్తున్నాను. మిగతావాళ్ళు ఏమీ అనుకోవద్దు.

*ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను ఫిలాసఫీ ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంట్లో తెలుగు, కాలేజీలో ఒడియా, పుస్తకాలేమో ఇంగ్లీషు. మా నోట్సులో విట్‌గెన్‌స్టైన్‌ని రెండు కాలమ్‌లుగా ఇచ్చారు. ఎడమవైపు "తొలి దశ: భాష ప్రపంచానికి బొమ్మ". కుడివైపు "మలి దశ: అర్థమంటే వాడుక". మొదటి పుస్తకంలో పెద్ద తప్పులున్నాయని ఆయనే ఒప్పుకున్నాడట. మరి దాన్ని మళ్ళీ ఎందుకు చదవాలి? పరీక్షలో ఏ పక్క రాయాలో తెలియక టెన్షన్‌గా ఉంది. – విద్యార్థిని, గుణుపురం*

అమ్మా, ఆ రెండు కాలమ్‌లు నా నోట్సులోనూ ఉండేవి. భువనేశ్వర్‌లో ఎం.ఏ. చదివే రోజుల్లో స్కేలు పెట్టి నిలువు గీత గీసి మరీ రాసుకున్నాను. పరీక్షకి పనికొచ్చింది. తర్వాత ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాక తెలిసిందేమిటంటే, మనం చదవాల్సిన మనిషి ఆ గీత దగ్గరే ఉన్నాడు. అటునుంచి ఇటు ఏ కారణంతో వచ్చాడన్నది పట్టుకోకపోతే రెండు కాలమ్‌లూ బట్టీ పట్టే సరుకే.

ముందు ఎడమవైపుకి న్యాయం చేద్దాం. విట్‌గెన్‌స్టైన్ 1889లో వియన్నాలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్ట్రియా సైన్యంలో ఉంటూ రాసిన పుస్తకం ట్రాక్టేటస్. 1921లో జర్మన్‌లో, మరుసటేడు ఇంగ్లీషు అనువాదంతో కలిపి అచ్చయింది. దాని గుండెకాయ లాంటి ఆలోచన ఆయనకి 1914 సెప్టెంబరులో తట్టింది. పారిస్‌లో ఒక మోటారు ప్రమాదం కేసులో, జరిగినదాన్ని బొమ్మ కార్లతో, బొమ్మ మనుషులతో కోర్టులో చూపించారట. ఆ సంగతి నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఇది తెలియడానికి పారిస్ దాకా పోనక్కర్లేదు. మా బస్టాండు దగ్గర ఆటో, సైకిలు గుద్దుకున్నాయనుకో. తగువు టీకొట్టు బల్ల మీదికి వస్తుంది. అగ్గిపెట్టె ఆటో అవుతుంది, బీడీకట్ట సైకిలు అవుతుంది. "నువ్వు ఇటునుంచి వచ్చావా, నేను ఇక్కడున్నానా" అని జరిపి చూపిస్తారు. అగ్గిపెట్టెకీ ఆటోకీ పోలిక లేదు. అయినా ఆటోకీ సైకిలుకీ మధ్య ఉన్న సంబంధం అగ్గిపెట్టెకీ బీడీకట్టకీ మధ్య నిలబడింది కాబట్టి అది బొమ్మ అయింది. ఆ బల్ల మీద అబద్ధం కూడా చెప్పొచ్చు, బీడీకట్టని కొంచెం కుడికి జరిపితే చాలు. అబద్ధమైనా అర్థం మాత్రం ఉంటుంది. వాక్యం కూడా ఇలాగే పనిచేస్తుందన్నాడు విట్‌గెన్‌స్టైన్. మంచీ చెడూ, దేవుడూ, బతుకు విలువా ఈ బల్ల మీద పెట్టి చూపించేవి కావు గనక వాటి గురించి మౌనంగా ఉండాలన్నాడు. అవి పనికిరానివని కాదమ్మా. పుస్తకంలో ముఖ్యమైన భాగం తాను రాయకుండా వదిలిన భాగమేనని ఒక ప్రచురణకర్తకి ఉత్తరం కూడా రాశాడు. నోట్సు రాసేవాళ్ళు ఈ మాట ఎందుకు వదిలేస్తారో నాకు ఇప్పటికీ బాధే.

మరి "వస్తాను" సంగతి? మనిషి గుమ్మం దాటి పోతున్నాడు, నోట మాటేమో రావడం గురించి. ఒడియా వాళ్ళూ పోయేటప్పుడు "ఆసుచి" అనే అంటారు, అంటే వస్తున్నాననే. బొమ్మ తిరగబడినట్టు కనిపిస్తుంది. కానీ ఈ ఒక్క ఉదాహరణతో ట్రాక్టేటస్‌ని కొట్టేయకు. భాష ఆలోచనకి వేషం వేస్తుందని, బట్టలు చూసి ఒంటి తీరు చెప్పలేమని ఆ పుస్తకంలోనే ఉంది. "వెళ్ళి మళ్ళీ వస్తాను" అని విప్పి చూపించి, ఇదిగో అసలు బొమ్మ అంటాడు. ఆ జవాబు నిలుస్తుంది కూడా.

బీట పడింది ఇంకోచోట. ట్రాక్టేటస్ లెక్కలో, భాషని విప్పుకుంటూ పోతే అడుగున తగిలే అతి చిన్న వాక్యాలకి ఒకదానితో ఒకటి సంబంధం ఉండకూడదు. ఒకటి నిజమైనా కాకపోయినా పక్కదానికి పట్టకూడదు. ఇప్పుడు బరంపురం పట్టుచీర అంచు మీద వేలు పెట్టి "ఇక్కడ ఎరుపు" అను. ఆ ఒక్క మాటతో అదే చోట పచ్చ కాదని, పసుపు కాదని, నీలం కాదని కూడా అనేశావు. ఇంత చిన్న వాక్యానికి ఇంతమంది చుట్టాలు ఎక్కణ్ణుంచి వచ్చారు? ఈ చిక్కు ట్రాక్టేటస్‌లోనే ఆయన కంటపడింది, ఇంకా లోతుగా విప్పితే పోతుందనుకున్నాడు. పోలేదు. 1929 జనవరిలో కేంబ్రిడ్జికి తిరిగొచ్చి, ఆ ఏడే దాని మీద ఒక వ్యాసం రాశాడు. అచ్చయింది గానీ ఆయనకే నచ్చలేదు. దాన్ని చదవాల్సిన సభలో అది చదవకుండా వేరే విషయం మాట్లాడాడు.

ఆ తర్వాత ఆయన పట్టుకున్న పోలిక టేపు. ట్రాక్టేటస్‌లో వాక్యాన్ని ప్రపంచానికి ఆనించిన స్కేలు అన్నాడు. ఇప్పుడేమన్నాడంటే, ఆనించేది ఒక్క గీతని కాదు, గీతలన్నీ ఉన్న టేపు మొత్తాన్ని అని. బట్టల కొట్లో గుడ్డ ఐదు మీటర్లని తేలితే అది నాలుగు కాదని, ఆరు కాదని మళ్ళీ కొలవక్కర్లేదు. ఎరుపూ అంతే. ఒక వాక్యం ఒంటరిగా నిలబడదు, ఒక ఏర్పాటులో ఉంటుంది. నువ్వు గీసుకున్న గీత మీద ఈ టేపు బొమ్మ వేసుకో. ఇక్కణ్ణుంచి "ఆ ఏర్పాటుని నడిపేదెవరు, ఏ పనికి?" అని అడగడం ఒక్క అడుగు దూరమే. ఆ అడుగు వెయ్యడానికి ఆయనకి ఏళ్ళు పట్టింది.

ఆయన మలి దశ పుస్తకం ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్. ఆయన పోయిన రెండేళ్ళకి, 1953లో వచ్చింది. దాని మొదటి పేరాలోనే ఒక కొట్టు ఉంది. నేను కొట్లో పెరిగిన పిల్లని కాబట్టి ఆ పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఒకణ్ణి చీటీ ఇచ్చి కొట్టుకి పంపుతారు. "ఐదు ఎర్ర యాపిల్ పళ్ళు" అని రాసుంటుంది. కొట్టతను యాపిల్ అని ఉన్న సొరుగు తీస్తాడు. ఎరుపు ఏదో రంగుల పట్టీలో చూస్తాడు. ఒకటి, రెండు అంటూ ఐదు దాకా లెక్కపెడుతూ ఒక్కొక్క అంకెకీ ఒక్కో పండు తీస్తాడు. సరే, "ఐదు" అన్న మాటకి అర్థం ఏమిటని అడిగితే, ఇక్కడ ఆ ప్రశ్నే లేదు, "ఐదు"ని ఎలా వాడారన్నదే ఉంది అంటాడు విట్‌గెన్‌స్టైన్.

మా నాన్నగారికి ఇక్కడి బజారులో కిరాణా కొట్టు ఉండేది. బస్తా ముందు గొంతుకూర్చుని బియ్యం కొలిచేవారు. మొదటి కొలతకి "ఒకటి" అనేవారు కాదు. "లాభం… లాభం…" అంటూ కొలత నింపి, అరచేత్తో పైన చదును చేసి, సంచిలో ఒంపాక "రెండు… రెండు…" అని ఎత్తుకునేవారు. నేను లెక్క నేర్చుకున్నది ఆ బస్తా పక్కనే. బడిలో వేసిన మొదటి రోజు పంతులుగారు లెక్కపెట్టమంటే "లాభం, రెండు, మూడు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఏడుస్తూ ఇంటికొచ్చి నాన్నని అడిగాను, లాభం అంటే ఒకటి కాదా అని. ఆయన కాసేపు ఆలోచించి, "కొలిచేటప్పుడు అవును" అన్నారు.

అమ్మా, ఇన్వెస్టిగేషన్స్ నాకు తెరిపించింది ఆ జవాబే. "లాభం" అన్న శబ్దం వెనక ఏ వస్తువుందో వెతికితే దొరకదు. అక్కడ ఆ మాట లెక్క మొదలుపెడుతుంది, శుభం పలుకుతుంది, కొనేవాడికి కొలత ఎక్కడ మొదలైందో వినిపిస్తుంది. మూడు పనులూ ఒక్క దమ్ములో. టీకొట్టు బల్ల మీద దీన్ని ఏ అగ్గిపెట్టెతో చూపిస్తావు?

"అర్థమంటే వాడుక" అన్న సూత్రం పుస్తకంలో 43వ పేరా. అందులో "చాలా సందర్భాల్లో, అన్నిటా కాకపోయినా" అన్న ముక్క ఉంది. నోట్సుల్లో ఎగిరిపోయేది అదే. పరీక్షలో ఆ ముక్కతో సహా రాయి.

ఇంకో మాట, తెలుగు పిల్లవి కాబట్టి. భాషని ఆయన ఆటలతో పోల్చాడు. ఆటలన్నిటికీ కలిసొచ్చే ఒకే ఒక్క లక్షణం ఉందా, ఉండి తీరాలనుకోకుండా వెతికి చూడండి అన్నాడు. ఇంగ్లీషు "గేమ్"తో చదివితే పందెం, గెలుపోటములే తడతాయి. ఆయన జర్మన్ మాట "స్పీల్" అంతకంటే వెడల్పు, పిల్లల ఆటా అందులోకి వస్తుంది. మన "ఆట" ఇంకా హాయి. చెడుగుడూ ఆటే, వామనగుంటలూ ఆటే, సినిమాహాల్లో రెండో ఆటా ఆటే, "నా దగ్గర నీ ఆటలు సాగవు" అన్నదీ ఆటే. వీటన్నిటికీ ఉన్న చుట్టరికం ఎలాంటిదంటే, పెళ్ళివారింట్లో ముత్తైదువులు పిల్లని చూసి "ముక్కు మేనత్తది, నడక తాతది, నవ్వు మాత్రం అమ్మమ్మదే" అంటారే, అలాంటిది. ఆయన వాడిన మాట కూడా కుటుంబ పోలిక అనే. ట్రాక్టేటస్‌లో భాషకంతటికీ ఒకే స్వరూపం ఉండాలని పట్టుబట్టాడు. వదులుకున్నది ఆ పట్టుదలని.

వదలనిది కూడా ఒకటుంది. తత్త్వశాస్త్రం సిద్ధాంతం కాదు, ఆలోచనలోని చిక్కులు విప్పే పని అని ట్రాక్టేటస్‌లో అన్నాడు. చివరిదాకా అదే పనిచేశాడు. ఇక నీ ప్రశ్నకి ఆయనే జవాబిచ్చాడు. 1945 జనవరి తేదీతో ఉన్న ఇన్వెస్టిగేషన్స్ ముందుమాటలో, పాత ఆలోచనలనీ కొత్తవాటినీ కలిపి అచ్చు వేయాలనిపించిందని, పాతదాని పక్కన పెట్టి చూస్తేనే కొత్తది సరిగా కనపడుతుందని రాశాడు. పెద్ద తప్పులున్నాయని ఒప్పుకున్నదీ ఆ పేజీలోనే.

*ప్రశ్న: అర్థమంటే వాడుకే అయితే, తప్పుగా వాడేవాళ్ళు నలుగురు పోగైతే అదే ఒప్పయిపోతుందా? అప్పుడు నిఘంటువులెందుకు, మాస్టార్లెందుకు? – రిటైర్డు ఉద్యోగి, రాయగడ*

అయ్యా, మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. మా తమ్ముడి కోడలు ఒడియా అమ్మాయి. పెళ్ళయిన ఆరునెలలకే తెలుగు చక్కగా పట్టేసింది. ఒకరోజు మా అమ్మ వంటింట్లోంచి "బియ్యం నిండుకున్నాయే, మీ మామయ్యకి చెప్పు" అంది. ఆ పిల్ల "సరే అమ్మమ్మా" అని సంతోషంగా తన పనిలో తను పడిపోయింది. రాత్రి ఎసరు పడేశాక చూస్తే డబ్బా అడుగున గుప్పెడు గింజలు. కొట్టు కట్టేశారు. పాపం ఆ పిల్ల డబ్బా మూత చేత్తో పట్టుకుని "నిండుకున్నాయన్నారు కదా" అని నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు. నిండు అంటే ఏమిటో తెలిసిన పిల్లే, నిండుకుండ, నిండు చెరువు అన్నీ తెలుసు. మా అమ్మ దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది: వంటింట్లో "అయిపోయాయి" అనకూడదు, దీపం ఆరితే కొండెక్కింది అంటాం, నల్లపూసల తాడు తెగితే పెరిగింది అంటాం.

ఇందులో రెండు విషయాలున్నాయి. ఒకటి, "నిండుకున్నాయి"కీ "అయిపోయాయి"కీ డబ్బాలో చూపించగల తేడా ఏమీ లేదు. గుప్పెడు గింజలు గుప్పెడే. తేడా అంతా ఆ మాట అనడంలో ఉంది, లేమిని నోటితో పిలవకుండా జాగ్రత్తపడటంలో ఉంది. రెండోది మీ ప్రశ్నకి సంబంధించింది. ఆ పిల్ల తప్పు చేసిందని మేమందరం అన్నాం, తనూ ఒప్పుకుంది. వాడుకే అర్థమైతే తప్పన్నదే ఉండదు అనుకోవడం పొరపాటు. వాడుక ఉంది కాబట్టే తప్పు సాధ్యమైంది. ఇన్వెస్టిగేషన్స్‌లో ఒక మనిషి వస్తాడు. తనకి మాత్రమే తెలిసిన ఒకానొక అనుభూతి కలిగినప్పుడల్లా డైరీలో ఒక గుర్తు పెడుతుంటాడు. సరిగ్గా పెట్టాడో లేదో చూసుకునే దారే అతనికి లేదు. అతనికి ఏది సరి అనిపిస్తే అదే సరి, అంటే అక్కడ "సరి" అన్న మాటకే చోటు లేదు అంటాడు విట్‌గెన్‌స్టైన్. నియమం పాటిస్తున్నానని అనుకోవడం, నియమం పాటించడం వేరువేరు.

నలుగురు పోగవడమంటే చేతులెత్తి ఓటు వెయ్యడం కూడా కాదు. మనుషులు భాషలో ఏకీభవించేది అభిప్రాయాల్లో కాదు, బతుకు తీరులో అని ఆయనే రాశాడు. మా వంటింట్లో ఎవరూ ఎవరితోనూ ఒప్పందం చేసుకోలేదు. తరతరాలుగా డబ్బా మూత తీస్తూ అదే మాట అంటూ వచ్చారు.

నిఘంటువుల మాటకొస్తే, బతికుండగా విట్‌గెన్‌స్టైన్ అచ్చువేసిన పుస్తకాలు రెండే. ఒకటి ట్రాక్టేటస్. రెండోది 1926లో వచ్చిన చిన్న బడిపిల్లల నిఘంటువు. 1920 నుంచి 1926 దాకా ఆస్ట్రియా పల్లెల్లో బడిపంతులుగా పనిచేశాడు. పిల్లలు తప్పుల్లేకుండా రాయాలని, ముందు వాళ్ళచేతనే మాటల పట్టీలు కట్టించాడు. తర్వాత ఆ పల్లె పలుకుబడి మాటలు కూడా వేసి పుస్తకం చేశాడు. ఇది చదివినప్పుడు నాకు మా ఊరి గిడుగు రామమూర్తి పంతులుగారు గుర్తొచ్చారు. ఆయనా పర్లాకిమిడిలో బడిపంతులే. ఈ కొండల సవరల దగ్గర కూర్చుని వాళ్ళ భాష నేర్చుకున్నారు. 1931లో సవర భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారు. 1936లో మా ఊరు ఒడిశాలో కలిసినప్పుడు మనసు కష్టపెట్టుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. ఇద్దర్నీ ఒకే గాటన కట్టడం నా ఉద్దేశం కాదు. పంతులుగారిది ఏ తెలుగు రాయాలన్న పోరాటం, విట్‌గెన్‌స్టైన్‌ది అసలు అర్థమంటే ఏమిటన్న వెతుకులాట. కానీ వాడుకని నమ్మినవాళ్ళు నిఘంటువుని తోసెయ్యలేదు. ఎదురుగా కూర్చున్న మనిషి నోట్లోంచి మాట విని రాశారు. మాస్టారు కావలసింది అందుకే.

*ప్రశ్న: ఇవన్నీ మన మీమాంసకులు ఎప్పుడో చెప్పినవే కదా? విదేశీయుణ్ణి ఎందుకు నెత్తిన పెట్టుకోవాలి? – పాఠకుడు, బరంపురం*

వేదవాక్యాలకి అర్థం తేల్చే మీమాంస శాస్త్రం మీద మీకున్న అభిమానం నాకూ ఉందండీ. పిల్లలు భాష ఎలా నేర్చుకుంటారో మీమాంసకులు చెప్పిన దృశ్యం అద్భుతంగా ఉంటుంది. ఒక పెద్దాయన ఇంకొకరితో "గామానయ" అంటాడు, ఆవుని తీసుకురా అని. ఆయన ఆవుని తెస్తాడు. పక్కన పిల్లవాడు చూస్తుంటాడు. తర్వాత "గాం బధాన" అంటే ఆవుని కడతాడు, "అశ్వమానయ" అంటే గుర్రాన్ని తెస్తాడు. ఒక మాట మార్చి ఒక మాట ఉంచుతుంటే ఏ ముక్కకి ఏ పనో పిల్లవాడికి తేలుతుంది. దీనికి వృద్ధవ్యవహారమని పేరు. ఇన్వెస్టిగేషన్స్ మొదట్లో తాపీపనివాడు "పలక!" అని కేకేస్తే సహాయకుడు పలక అందించే సన్నివేశం ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

కానీ ముందే చెప్పేశారు అనేస్తే ఇద్దరికీ అన్యాయం. శబ్దానికీ అర్థానికీ ఉన్న సంబంధం నిత్యమని, మనుషులు కల్పించింది కాదని మీమాంసకుల గట్టి నమ్మకం. వేదవాక్యం మనిషిని కర్మకి ఎలా ప్రేరేపిస్తుందో తేల్చడం వాళ్ళ పని. విట్‌గెన్‌స్టైన్‌కి నిత్యమైనదేదీ అక్కర్లేదు. ఆయన లెక్కలో భాష పాతకాలపు నగరం లాంటిది, ఇరుకు సందులు, పాత ఇళ్ళు, వాటికి తర్వాత కట్టుకున్న గదులు, చుట్టూ తిన్నటి వీధుల కొత్త పేటలు. ఇంకో సంగతి, మీమాంసకుల్లోనే అందరిదీ ఒకే మాట కాదు. మాటలు ముందు విడివిడిగా అర్థాలిచ్చి తర్వాత కలుస్తాయన్నారు కుమారిలుడి పక్షంవాళ్ళు. కలిసిన అర్థాన్నే మాటలు చెప్తాయన్నారు ప్రభాకరుడి పక్షంవాళ్ళు. ఆ వాదం తెలిసినవాళ్ళకి ఇన్వెస్టిగేషన్స్ ఇంకా రుచిస్తుంది. రెండూ చదవండి.

*ప్రశ్న: ఆయన పిల్లల్ని కొట్టేవాడని చదివాను. అలాంటివాడు పిల్లలు భాష నేర్చుకోవడం గురించి రాస్తే మనం ఎందుకు వినాలి? – టీచరు, పాతపట్నం*

మీరు చదివింది నిజం మాస్టారూ. పిల్లలతో కలిసి పిల్లి అస్థిపంజరం పేర్చి పాఠం చెప్పిన మనిషి, లెక్క రాలేదని జుట్టు పట్టి లాగేవాడు. 1926లో ఓటర్‌తాల్ అనే పల్లెలో ఆయన కొట్టిన దెబ్బకి ఒక పిల్లవాడు స్పృహతప్పి పడిపోయాడు. ఉద్యోగం వదిలేసి వెళ్ళిపోయాడు. పదేళ్ళ తర్వాత ఆ ఊరు వెళ్ళి, తన దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళ ఇళ్ళకి పోయి క్షమాపణ అడిగాడు. అందరూ మనసారా తీసుకోలేదు. తీసుకోవాలని మనం అనడానికి లేదు.

పిల్లలకి మొదట మాటలు నేర్పేది వివరించి కాదు, తరిఫీదు ఇచ్చి అంటాడు ఇన్వెస్టిగేషన్స్‌లో. అక్కడ ఆయన వాడిన జర్మన్ మాట జంతువుల్ని మచ్చిక చేయడానికి వాడేది. ఆ పేరాలు పాఠం చెప్పినప్పుడల్లా నాకు ఆ పిల్లవాడు గుర్తొస్తాడు, క్లాసులో ఆ సంగతి చెప్పకుండా ముందుకి పోలేదు ఎప్పుడూ. ఆయన తప్పుని మాఫీ చేయమని మిమ్మల్ని అడగను. అయినా మీరు ఆ పుస్తకం చదవాలనే అంటాను. తరగతి గదిలో పిల్లకి అర్థమైందని మనం ఎప్పుడు, దేన్ని చూసి అంటాం అన్న ప్రశ్నని ఇంత ఓపిగ్గా పట్టుకున్న పుస్తకం నేను ఇంకోటి చూడలేదు.

*ప్రశ్న: అమ్మా, మా నాన్నగారికి పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది. మాట పోయింది. "ఇది… ఇది" అన్న ఒక్క మాట, చేతి సైగలు మిగిలాయి. మాట పోయిన మనిషికి భాష పోయినట్టేనా? మీరు చదివిన పుస్తకాల్లో దీని గురించి ఏమైనా ఉందా? – ఒక కూతురు, పర్లాకిమిడి*

అమ్మా, ముందుగా, మాట తిరిగి రప్పించడానికి తర్ఫీదు ఇచ్చే స్పీచ్ థెరపీ నిపుణులు పెద్దాసుపత్రుల్లో ఉంటారు. చూపించకపోయి ఉంటే చూపించండి, ఆలస్యమైందని ఊరుకోకండి.

పుస్తకాల్లో ఉంది. కేంబ్రిడ్జిలో విట్‌గెన్‌స్టైన్‌కి పియేరో స్రాఫా అని ఇటలీ నుంచి వచ్చిన ఆర్థికశాస్త్రవేత్త మిత్రుడు. వాక్యానికీ అది చెప్పే సంగతికీ ఒకే తార్కిక రూపం, అంటే ముక్కల అమరిక, ఉండి తీరాలని విట్‌గెన్‌స్టైన్ ఒకసారి పట్టుబట్టి వాదిస్తున్నాడట. స్రాఫా వేళ్ళ కొసలతో గడ్డం కింద నుంచి బయటికి విసిరి చూపించాడు. నేపుల్స్ వైపు అది ఛీత్కారం. "దీని తార్కిక రూపం ఏమిటి?" అని అడిగాడు. ఇన్వెస్టిగేషన్స్ ముందుమాటలో, ఈ పుస్తకంలో బలమైన ఆలోచనలకి స్రాఫాకి రుణపడి ఉన్నానని విట్‌గెన్‌స్టైన్ రాసుకున్నాడు. ఒక సైగ అంత పని చేసింది. మనమూ బొటనవేలు ఆడించి "ఏమీ లేదు" అంటాం, బడిలో పిల్ల చిటికెనవేలు చూపిస్తే పంతులు వెళ్ళి రమ్మంటాడు. ఏ నిఘంటువూ చూడం.

పైన చెప్పిన తాపీపనివాళ్ళ భాషలో ఉన్నవి నాలుగే మాటలు. అది వాళ్ళ వరకూ పూర్తి భాషే అనుకోమంటాడు ఆయన. మీ నాన్నగారి దగ్గర ఒకటే ఉంది. కానీ మీ ఉత్తరం మూడో పేజీలో మీరే రాశారు, కిటికీ వైపు చూస్తూ సాగదీసి "ఇదీ…" అంటే రేడియో పెట్టమని, ముక్కు చిట్లించి "ఇది" అంటే మందు వద్దని, మనవరాలు వచ్చినప్పుడు మెత్తగా "ఇది ఇది" అంటారని. ఆ మూడూ ఒక మాట కావు. ఆయన వాడుతున్నారు, మీరు అందుకుంటున్నారు. తప్పుగా అందుకుంటే తల అడ్డంగా ఊపి సరిచేస్తున్నారని కూడా రాశారు. అది భాష కాదని ఎవరన్నా నేను ఒప్పుకోను.

ఒక పని చేయండి. చిన్న నోటుబుక్కు ఒకటి మంచం పక్కన పెట్టి, "ఇది" అన్న ప్రతిసారీ గొంతు ఎలా ఉంది, చూపు ఎటుంది, చెయ్యి ఏం చేసింది, చివరికి ఏం కావాలని తేలింది రాసుకోండి. డాక్టరుకీ పనికొస్తుంది. మీ అన్నయ్య రాత్రిపూట కాపలా ఉంటారన్నారు కదా, ఆయన చేతికి కూడా ఇవ్వండి. పోయిన వారం రాత్రి రెండింటికి నాన్నగారు దేనికి కోప్పడ్డారో తెలియలేదని రాశారు, ఆ సంగతి మొదటి పేజీలో రాసి పక్కన కాస్త ఖాళీ వదలండి.